నిండు ట్యాంకులు

"ఒక్కటి కూడా స్టార్టు కాకపోతే ఏం చేస్తావే?"

మెట్ల మీద నుంచి ఆమె ఈ మాట అనేటప్పటికి ఇంకా ఎవరూ ఏ తాడూ లాగలేదు. కూతురు అప్పుడే షట్టరు సగం పైకెత్తి, పడిశం పట్టిన ముక్కు ఎగబీల్చుకుంటూ, గోడ వారన వరసగా నిలబెట్టిన నీటి పంపుల మీది గుడ్డలు ఒక్కొక్కటే లాగి భుజాన వేసుకుంటోంది. "పొద్దున్నే నీ నోట ఒక్క మంచి మాట రాదా అమ్మా" అని వెనక్కి తిరక్కుండానే నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు, ఉన్నదల్లా అలవాటే. ఆమె మాటకి ఈ ఇంట్లో గోడ గడియారం చప్పుడుకున్నంత విలువ ఉంది. ఆగిపోతే గాని ఎవరికీ వినపడదు. పోయిన ఆయన, అంటే ఆమె భర్త, బతికున్నన్నాళ్లూ ఆమెని "మా ఇంటి సైరను" అనేవాడు. సైరను రోజూ మోగితే ఎవరు పరిగెడతారు? గొడుగు తీసుకెళ్లకపోతే జ్వరం, తీసుకెళితే పిడుగు. పిల్ల ఏడిస్తే కడుపునొప్పి, ఏడవకపోతే ఊపిరి ఆడటం లేదేమో. ఇలాంటివి ఆమె రోజుకెన్ని అంటుందో ఆమెకే లెక్క తెలియదు. ఇవాళ కూడా అలాగే అన్నది, నోటికి వచ్చింది కనక అన్నది. కాని అన్నాక, ఆ మాట తన నోట్లోంచి మామూలుగా వచ్చే మాటల్లాంటిది కాదని తెలిసింది. చన్నీళ్లలో కాలు పెట్టినప్పుడు వెన్ను దాకా పాకే జలదరింపులాంటి తెలివిడి.

బయట వాన తెల్లారకముందు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది. వానంటే ఈ షాపుకి పండుగ. ఏడాది పొడుగునా గుడ్డలు కప్పుకుని పడుకునే పంపులన్నీ ఈ నాలుగు వానలకోసమే. ఎవరి నేలమాళిగలోనో నీళ్లు చేరతాయి, పరిగెత్తుకొస్తారు, పంపు అద్దెకి పట్టుకుపోతారు, తోడుకుంటారు. ఆ మొదటి మనిషి అప్పుడే వచ్చేసింది. వీధి చివర రొట్టెల బట్టీ నడిపే ఆవిడ, గొడుగున్నా ఒళ్లంతా తడుపుకుని, చీర కుచ్చిళ్లు చేత పట్టుకుని, "పిండి బస్తాలన్నీ కిందనే ఉన్నాయి తల్లీ, నీళ్లు మొదటి వరస దాకా వచ్చేశాయి, ఏదో ఒకటి చక్రాలెక్కించి ఇచ్చెయ్" అంటూ గుమ్మంలో నిలబడింది. కూతురు మొదటి పంపు పెట్రోలు ట్యాపు తిప్పింది, చోకు లాగింది, కాలు అడ్డం పెట్టి తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. గుర్రుమంది. అంతే. మళ్లీ గుంజింది. ముసలాయన దగ్గినట్టు ఓ దగ్గు దగ్గి, తెల్లటి పొగ ఒక్కటి ఊది, ఊరుకుంది. రెండోది దగ్గనైనా దగ్గలేదు. మూడోదాని దగ్గరికి వెళ్లేటప్పటికి కూతురి నవ్వు ఎక్కడో జారిపోయింది, తాడు లాగే చప్పుడు ఒక్కటే మిగిలింది. మెట్ల మీద కూచున్న ఆమెకి ఆ తాడు తన పేగుకి కట్టి లాగుతున్నట్టుగా ఉంది. లాగినప్పుడల్లా ఒక మెట్టు కిందికి దిగుదామనుకుంది, దిగలేదు. పైన గదిలో మనవరాలు నిద్రపోతోంది, లేస్తే ఎవరు చూస్తారు, అందుకే ఇక్కడ కూచున్నాను అని తనకి తాను చెప్పుకుంది. ఎవరూ అడగకుండానే చెప్పుకుంది.

"ఏడాదంతా మీ షాపు ముందునుంచి పోతుంటే పెళ్లికూతుళ్లలా ముసుగులేసుకుని ఉంటాయి. మురిసిపోయి చూసుకోడానికా తల్లీ వీటిని పెంచుతోంది?" అంది రొట్టెలావిడ.

ఆ ఎత్తిపొడుపు కూతురికి తగిలింది, కూతురు దాన్ని తీసుకెళ్లి వెనక బల్ల దగ్గరున్న మేస్త్రికి తగిలించింది. షాపులో మాటలు అలాగే జారతాయి, పైమెట్టు మీద పోసిన నీళ్లు కింది మెట్టుకి చేరినట్టు. చెవిమేస్త్రి అంటారు ఆయన్ని అందరూ. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. డాక్టరు గుండె విన్నట్టు వింటాడని కొందరు, పక్కింటి గొడవ విన్నట్టు వింటాడని కొందరు. ఈ షాపు ఒక రేకు కింద ఒక బల్లగా ఉన్నప్పటినుంచీ ఉన్న మనిషి. ఆమె భర్తకి జోడీ, కూతురికి గురువు. ఆమెని చెల్లెమ్మా అంటాడు, ఆమె అన్నయ్యగారూ అంటుంది.

"పడుకోబెట్టేముందు పెట్రోల్లో మందు కలిపావా మావయ్యా అసలు?"

"కలిపాను."

"కలిపితే ఇలా ఎందుకుంటాయి? అన్నీ ఒకేసారి చస్తాయా?"

"ట్యాంకు ఒకసారి వంచి చూడమ్మా."

"ట్యాంకు చూసేదేముంది, మెడదాకా నిండుగా ఉంది! నువ్వేగా పోశావు, నీ చేత్తో? నీ మీద నీకే అనుమానమా? మందు కలపడం మర్చిపోయి ఉంటావు, పెట్రోలు జిగురు కట్టి జెట్లన్నీ పూడిపోయుంటాయి. చెప్పొచ్చుగా. వయసొచ్చింది, మర్చిపోయానే అని చెప్పొచ్చుగా." ఇంకో గుంజు. ఇంకో దగ్గు. "ఈవిడ పిండి నీళ్లపాలైతే ఊరందరికీ ఏమని చెప్పాలి నేను? వద్దులే. రేపట్నించి ఇంటి పట్టునే ఉండి విశ్రాంతి తీసుకో మావయ్యా."

మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ విడివిడిగా, పని అయ్యాక రోజూ తుడుచుకున్నట్టే. మేకుకి తగిలించిన చొక్కా తీసి తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వానని చూసి, ఖాళీ డ్రమ్ము ఒకటి బోర్లా వేసి దాని మీద కూచున్నాడు. వాన తగ్గితే పోతాడు. అంతకుమించి ఏమీ లేదు. కూతురు బల్ల దగ్గర కూచుని మొదటి పంపు కార్బురేటరు విప్పడం మొదలుపెట్టింది. 

కురవనీ, అనుకుంది ఆమె. కురవనీ, ఆగకూడదు, ఆగితే ఆయన లేస్తాడు. అలా అనుకున్న మరుక్షణమే రొట్టెలావిడ కుచ్చిళ్లనుంచి కారుతున్న నీళ్లు కనపడ్డాయి. కురవనీ అంటే ఆవిడ నేలమాళిగలో ఇంకో వరస మునగనీ అని కదా. ఛీ, ఏం కోరుకుంటున్నాను, ఎవరి కొంప ముంచి ఎవరిని కూచోబెట్టుకుంటున్నాను? తగ్గనీ అనుకుందామంటే మేస్త్రి చొక్కా గుండీలు కనిపిస్తున్నాయి, పై గుండీ దాకా పెట్టుకున్నాడు, ఎప్పుడూ పెట్టుకోనివాడు. ఎటు కోరుకున్నా ఎవరో ఒకరికి చెడే కోరిక. ఇలాంటి చోట మనిషి నోరు తెరిచి ఒక్క మాటంటే అయిపోతుంది.   నేనే. అంతే, రెండక్షరాలు. ఐదో తరగతి దాకా చదివింది, రెండక్షరాలు కూడబలుక్కోలేదా?

అసలు ఎవరన్నా విన్నారా అప్పుడు, అనుకుంది, ఎవరితోనో వాదిస్తున్నట్టు. ఎండలు ముదిరే ముందు, మేస్త్రి పంపుల్ని పడుకోబెట్టిన రోజులవి. పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టే ఉంటుంది ఆయన పద్ధతి. ట్యాంకు మెడదాకా కొత్త పెట్రోలు, అందులో సీసా మూతతో కొలిచిన మందు, ఆ మందు కింద కార్బురేటరు దాకా దిగేలా కాసేపు ఇంజను ఆడించడం, ఆపి ట్యాపు కట్టెయ్యడం, ప్లగ్గు విప్పి చెంచాడు నూనె పోసి తాడు నెమ్మదిగా ఒక్కసారి లాగడం, పైన నూలుగుడ్డ కప్పడం. ప్లాస్టిక్ కప్పితే చెమర్చి తుప్పు పడుతుందట. మెడదాకా ఎందుకు అన్నయ్యగారూ, సగం చాలదా అని అడిగింది ఆమె. "ఖాళీ ఉంటే గాలి ఉంటుంది చెల్లెమ్మా, గాలి ఉంటే తడి ఉంటుంది, ఆ తడి రాత్రిపూట బొట్లయి పెట్రోల్లో పడుతుంది" అన్నాడు ఆయన. చక్కగా, ఓపిగ్గా చెప్పాడు. ఆమెకి మాత్రం వాటిలో ఒక్కటే వినపడింది: మెడదాకా పెట్రోలు. వరసగా అన్ని పంపులూ, ఒక్కోదానికీ మెడదాకా. దానికి సరిగ్గా పైన, కప్పుకి అవతల, పిల్ల ఉయ్యాల. ఆ రోజంతా పైకి కిందికి తిరుగుతూ ఉయ్యాల ఎక్కడ పెడితే ఏ పంపు దాని కిందికి వస్తుందో మనసులో గీతలు గీసుకుంది. ఉయ్యాల కిటికీ దగ్గరికి జరిపింది. అక్కడ చలిగాలి. మళ్లీ జరిపింది. ఎక్కడికి జరిపినా కింద ఏదో ఒక ట్యాంకు ఉంది.

చెప్పింది, చెప్పకపోలేదు. అన్నం తింటూ, అవన్నీ నిండుగా మన కాళ్ల కిందనే ఉండాలా అంది. కూతురు ఊఁ అంది, అది అవునో కాదో దేవుడికి తెలియాలి. లారీ తోలే అల్లుడు నవ్వి, "అత్తయ్యగారూ, నేను ట్యాంకు పక్కనే తలపెట్టుకుని నిద్రపోతాను, నాకేమన్నా అయిందా" అన్నాడు. ఆమె వెంటనే తన చిన్నప్పటి స్టవ్వు కథ ఎత్తుకుంది. పక్కింట్లో కిరసనాయిలు స్టవ్వు భగ్గుమని, మంట కప్పు దాకా లేచి, ఇల్లంతా అంటుకుని... కూతురు కంచంలో చెయ్యి కడుక్కుంటూ, "పోయినసారి చెప్పినప్పుడు తలుపు దాకానే కాలిందమ్మా, ఇంకో రెండేళ్లకి వీధి మొత్తం తగలబడేలా ఉంది" అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నిజానికి ఆ రోజు కాలింది ఒక్క కర్టెను. అది కూడా కింది అంచు. పక్కింటావిడ చెంబుడు నీళ్లు పోసి ఆర్పేసి, మళ్లీ వంట చేసుకుంది. ఆమె మనసులో మాత్రం ఆ కర్టెను ఇంకా కాలుతూనే ఉంది, ఏటికేడాది కొంచెం కొంచెం పైకి పాకుతూ. అది అబద్ధం చెప్పడమా? కాదు. భయం కూడా పిల్లలాంటిదే, తిండి పెట్టేవాళ్ల చేతిలో పెరుగుతుంది.

కింద కూతురు జెట్టు బయటికి తీసింది. వెంట్రుక దూరేంత కన్నం ఉండే ఇత్తడి ముక్క. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది, ఊదింది, మళ్లీ చూసింది. "బానే ఉన్నట్టుందే" అని గొణుక్కుంది. బాగానే ఉంటుంది తల్లీ, అనుకుంది ఆమె. ఆయన మందు కలిపాడు, ఆయన ఆడించాడు, ఆయన ట్యాపు కట్టాడు. బాగోలేనిది అది కాదు. నువ్వు ఎంత తుడిచినా, ట్యాపు తిప్పగానే మళ్లీ ఆ ట్యాంకులోదే దిగుతుంది దాంట్లోకి. అది నీకు తెలియదు. నీ ముక్కు మూసుకుపోయి ఉంది, లేకపోతే వాసన పట్టేసేదానివి. తెలిసినవాళ్లం ఈ గదిలో ఒక్కరమో, ఇద్దరమో. ఇద్దరమా? ఆయన ట్యాంకు వంచి చూడమన్నప్పుడు ఒక్క క్షణం, కూతురి తల మీదుగా, మెట్ల వైపు చూశాడు. చూశాడా? లేక మెట్ల పక్కన తగిలించిన గొడుగుల వైపు చూశాడా?

చేసింది ఎలా చేసిందో ఇప్పుడు తలుచుకుంటే వేరే ఎవరో చేసినట్టుంది. పిల్లకి టీకా వేయించడానికి కూతురు వెళ్లిన మధ్యాహ్నం, మేస్త్రి భోజనానికి ఇంటికెళ్లాడు. కిరసనాయిలు తోడే ప్లాస్టిక్ చేతిపంపు ఒకటి పాత సామాన్లలో ఉంది. నొక్కుతూ వదులుతూ, ఒక్కో ట్యాంకులోంచి సగం సగం తోడేసింది. చేతులు పాలు కొలిచే చేతుల్లా చకచకా కదిలాయి. భయం ఉన్నవాళ్లకి ధైర్యం ఉండదంటారు గాని, భయంలోంచి పుట్టే ధైర్యానికి హద్దుండదు. తోడినది క్యాన్లలో పోసి డాబా మీదికి మోసింది, నీళ్ల ట్యాంకు వెనకాల దాచింది. మూతలు బిగించబోయి ఆగింది. ఎండకి బిగింపు మీదున్న క్యాను పేలుతుందని ఎక్కడో విన్నది కదా, అందుకని వదులు చేసి పెట్టింది. ఆ రాత్రి ఎన్నాళ్లకో ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. పొద్దున లేచి ఇల్లు నిలబడే ఉన్నందుకు తనని తాను మెచ్చుకుంది కూడా. ఎవరికీ చెప్పక్కర్లేని మంచి పని, అనుకుంది. చెప్పుకోలేని పనికీ చెప్పక్కర్లేని పనికీ తేడా అప్పుడు తోచలేదు.

ఎండలు వచ్చాయి, ముదిరాయి, పోయాయి. క్యాన్లు అక్కడే. మొన్న మబ్బు పట్టినప్పుడు కూతురు, "ఒకసారి ట్యాంకులన్నీ చూసుకోవాలి" అంది. ఆ మాటతో ఆమె నీరుకారిపోయింది. సగం సగం ఉన్న ట్యాంకులు చూస్తే మొదట అడిగేది మేస్త్రిని, తర్వాత అడిగేది తనని. అందుకని ఆ మధ్యాహ్నమే, ఎవరూ లేనప్పుడు, క్యాన్లు కిందికి దించి ఎవరి పాలు వాళ్లకి పంచినట్టు మళ్లీ ట్యాంకులన్నీ మెడదాకా నింపేసింది. అంచుల మీద ఒలికింది కొంగుతో తుడిచింది. మూతలు బిగించింది. నిండుగా ఉన్నది ఉన్నట్టే ఉంది, ఎవరికి నష్టం? తోడిందే పోశాను. పెట్రోలు పెట్రోలే. తేనె ఏళ్ల తరబడి ఉంచినా చెడుతుందా? ఉప్పు చెడుతుందా? నాకేం తెలుసు, నేనేమన్నా ఇంజన్ల చదువు చదివానా? తెలియక చేసినదానికి...

ఇక్కడ ఆమె ఆలోచన ఆగింది. ఇప్పటిదాకా నాలుగైదు సార్లు ఇదే చోటికి వచ్చి, ఇదే చోట వెనక్కి తిరిగింది. తెలియక, అనే మాట దగ్గర. కింద వాన చప్పుడు కొంచెం పలచబడింది, రేకు మీద ముద్దగా కొట్టేది కాస్తా విడివిడిగా వినబడుతోంది. మేస్త్రి తల ఎత్తి చూరు వైపు చూశాడు. గుమ్మంలో మడిచి పెట్టిన గోనెపట్టా చేతిలోకి తీసుకున్నాడు, తల మీద వేసుకోవడానికి. తెలియకా? అని అడిగింది లోపల ఎవరో, ఆమె గొంతుతోనే. గడ్డి కోసే మిషను పట్టుకొచ్చిన తోటమాలి గుర్తొచ్చాడు. మండుటెండల్లో, ఇదే గుమ్మంలో, మేస్త్రి ఆ మిషను ట్యాంకు మూత తీసి వాసన చూసి మొహం చిట్లించాడు. ఆమె ఇదే మెట్టు మీద కూచుని పిల్లకి తిరిగే ఫ్యాను చూపిస్తోంది, చందమామని చూపించే వయసు ఇంకా రాలేదు. "పెట్రోలు పాలలాంటిదయ్యా" అన్నాడు మేస్త్రి. "మూత లేకుండా ఉంచితే విరుగుతుంది. సారమంతా గాలికిపోయి జిగురు మిగులుతుంది. రంగు ముదురుతుంది, పాత రంగుడబ్బా వాసనేస్తుంది. అది పోసి ఎన్నిసార్లు గుంజితే ఏం లాభం?" ఆమె విన్నది. విని, డాబా మీది క్యాన్లు తలుచుకుంది. తలుచుకుని, పిల్లని ఎత్తుకుని పైకి వెళ్లిపోయింది.

మొన్న క్యాను వంచినప్పుడు ధార ముదురుగా, టీ రంగులో పడింది. పాత రంగుడబ్బా వాసన గుప్పుమంది. చూసింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ పోసింది. ఈ పంపులు ఆడవని తెలిసి కాదు, అంతదూరం ఆలోచించలేదు. నింపకపోతే కూతురు నన్నెలా చూస్తుందో, అదొక్కటే కళ్ల ముందుంది. ఇల్లు కాలిపోతుందన్న భయం కాదది, పిల్లకి ఏమవుతుందోనన్న భయం కాదు. పట్టుబడతానన్న భయం. ఇన్నేళ్లూ తన భయాలన్నీ ఎదుటివాళ్ల కోసమే అనుకుంది. అందుకే ఎంత విసుక్కున్నా, ఎంత నవ్వినా, లోలోపల ఒక గొప్ప ఉండేది, మీ అందరి కోసం నిద్ర మానుకునేది నేనే కదా అని. ఇదిగో, తనకోసం తను పడ్డ భయం. ఎంత చిన్నగా, ఎంత నిండుగా, మెడదాకా ఉంది.

మేస్త్రి లేచాడు. గోనెపట్టా విదిల్చాడు. కూతురు కార్బురేటరు బిగించి, ట్యాపు తిప్పి, తాడు మళ్లీ పట్టుకుంది. ఆ తాడు లాగడం ఇంకొక్కసారి వినలేకపోయింది ఆమె.

"లాగకు," అంది.

కూతురు తలెత్తింది. "ఏంటమ్మా, తాడు తెగి కంట్లో తగులుతుందంటావా?"

"అది కాదు. ట్యాంకుల్లో పెట్రోలు చెడిపోయింది. అన్నయ్యగారు పోసింది కాదది. తీసింది నేను, డాబా మీద ఎండలో పెట్టింది నేను, మళ్లీ తెచ్చి పోసింది నేను." ఇక్కడితో ఆపెయ్యొచ్చు అనిపించింది. ఆపేస్తే ముసలిది, తెలియక చేసింది అంటారు, అయిపోతుంది. "చెడిపోయిందని తెలిసే పోశాను" అంది.

 తిడతారని తయారుగా ఉంది, తిట్టు రాలేదు. కూతురు చేతిలో తాడు అలాగే ఉంది, నెమ్మదిగా, కుక్క తోక ముడిచినట్టు, దానంతటదే లోపలికి చుట్టుకుపోయింది. రొట్టెలావిడ వీళ్లవైపూ వాళ్లవైపూ చూసి, "మీ ఇంటి గోడు తర్వాత, ముందు నా పిండి చూడండమ్మా" అంది, కాస్త మెత్తగానే. మేస్త్రి గోనెపట్టా గుమ్మంలో పడేసి వెనక్కి వచ్చాడు. చొక్కా విప్పలేదు. చేతులు మాత్రం పైకి మడుచుకున్నాడు. పెట్రోలు పట్టడానికి పళ్లెం కోసం చెయ్యి చాపాడు, కూతురు అందుకునేలోగా ఆమె మెట్లు దిగి పళ్లెం పట్టుకుని ఆయన ముందు గొంతుక్కూచుంది. పంపు వంచి పట్టుకుని ట్యాంకు ఒంపేశాడు. ముదురురంగు ధార, ఆ వాసన, ఆ వాసనకి వంటినిండా సిగ్గు. పళ్లెం అడుగున నీటి బొట్లు పెట్రోల్లో కలవకుండా గుండ్రంగా దొర్లుతున్నాయి, దాచినవి దాచినట్టు. ఆయన వాటిని చూశాడు, ఆమె వాటిని చూసింది. చేతులు వణికితే పళ్లెం ఒలుకుతుందేమో, ఒలికితే నిప్పురవ్వ ఎక్కడినుంచన్నా... అనుకోబోయి, ఊరుకుంది.

కూతురు తన స్కూటరులోంచి నిన్న పోయించిన పెట్రోలు తీసి తెచ్చింది. కార్బురేటరు గిన్నె మళ్లీ విప్పి కడిగారు, కొత్త పెట్రోలు పోశారు. మేస్త్రి తాడు లాగాడు. ఒకటి. రెండు. మూడోసారికి పంపు గొంతు సవరించుకుని, ఆడింది. చిన్న షాపు నిండా, గోడలు అదిరేలా, ఆపకుండా ఆడింది. రొట్టెలావిడ చేతులెత్తి దండం పెట్టింది, ఎవరికో తెలియదు, పంపుకే అయి ఉంటుంది. మేస్త్రి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని కాసేపు విని, తల ఊపి, ఇంజను ఆపాడు. పంపుని చక్రాల బండి మీదికి ఎక్కించారు. కూతురు బండి పట్టుకుని గుమ్మం దాటబోతూ ఆగి, "మావయ్యా, ఇందాక నేనన్నది..." అంది. ఆయన చెయ్యి పైకెత్తి, ముందు వెళ్లు అన్నట్టు వీధి వైపు చూపించాడు. కూతురు తల్లివైపు చూసింది. "నాతో చెప్పొచ్చుగా అమ్మా" అంది. కోపంగా అన్నా బాగుండేది. పడిశం గొంతుతో, అలసటగా అంది. వెళ్లిపోయింది.

చెప్పొచ్చు. రోజంతా ఏవేవో చెబుతూనే ఉంటుంది కదా, చెప్పవలసిన ఆ ఒక్కటి చెప్పలేదు. వాన బాగా తగ్గింది. మేస్త్రి రెండో పంపు ముందు కూచుని ట్యాంకు మూత తీస్తున్నాడు, చొక్కా ఇంకా మెడదాకా గుండీలతోనే ఉంది. ఆమె పళ్లెం ఖాళీ చేసి తెచ్చి మళ్లీ పట్టుకుంది. క్షమించమనాలి. నోటిదాకా వచ్చింది, కాని ఆ మాట అంటే ఆయన పరవాలేదమ్మా అనవలసి వస్తుంది, ఆ బరువు కూడా ఆయన మీదే పడుతుంది. అందుకని అది మింగి, అడగవలసింది అడిగింది.

"అన్నయ్యగారూ, రేపు వస్తారా?"

ఆయన ట్యాంకు ఒంపాడు. గిన్నె విప్పాడు, జెట్టు తీశాడు, ఊదాడు, బిగించి మిగిలిన కొత్త పెట్రోలు పోశాడు. పైన పిల్ల లేచి తనలో తాను ఏదో కువకువలాడుతోంది, ఏడవటం లేదు. లేచిందండీ అని వంక పెట్టి పైకి పరిగెత్తడానికి కాళ్లు ఉవ్విళ్లూరాయి. కదల్లేదు. రెండో పంపు ఆడింది, విన్నాడు, ఆపాడు. మూడోదాని దగ్గరికి జరిగాడు, ఆమె కూడా పళ్లెంతో జరిగింది. ఇంక పలకడనుకుంది. పలక్కపోవడమే తగిన జవాబనుకుంది. పాతికేళ్లు చెల్లెమ్మా అని పిలిచిన మనిషి నా మూలంగా నా కళ్లముందు మాట పడితే, మెట్ల మీద కూచుని చూసినదాన్ని, నాకేం జవాబు చెప్పాలి? చూరునుంచి చివరి చుక్కలు రాలుతున్నాయి. ఆయన మూడో ట్యాంకు మూత తీసి పక్కన పెట్టాడు, పై గుండీ ఒకటి విప్పుకుని మెడ రుద్దుకున్నాడు, అప్పుడు ఆమె మొహంలోకి తిన్నగా చూశాడు.

"వస్తాను చెల్లెమ్మా," అన్నాడు. "కాని ఇకమీదట భయపడదలుచుకుంటే నా ముందర భయపడు. నా వెనకాల కాదు."